పిల్లలు, ఇంటర్నెట్టు, మన డ్యూటీ వేళలు

(ఫెడరేషన్ సభ్యుల కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఇంటర్నెట్టు పిల్లలకు హానికరమా, కాదా అని ఉదయము నుండి ఇక్కడ చర్చ సాగుతున్నది. ఫోను లాగుకొని బీరువాలో పెట్టవలసినదే అన్నవారున్నారు. అది లేనిచో పిల్లవాడు చదువులో వెనుకబడునని వాదించినవారున్నారు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు, పాఠములు వినుటకని ఫోనును పిల్లల చేతికిచ్చినది మనమే. బడులు మరల తెరిచారు. ఫోను మాత్రము మన చేతికి తిరిగి రాలేదు.

దానివలన మేలు లేదని మేము అనము. ఎర్నాకుళం జంక్షన్‌లో మూటలు మోసే కూలీ ఒకరు స్టేషన్‌లోని ఉచిత వైఫైతో పాఠములు విని, 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్రాతపరీక్షలో ఉత్తీర్ణులైనారు. రైల్వేవారమైన మనకిది గర్వకారణమే. కాని ఆయన తనకేమి కావలెనో తెలిసి వెదకిన పెద్దవాడు. పన్నెండేండ్ల బాలిక వెదకదు. ఆమెకు వడ్డిస్తారు.

వడ్డించేవారి లెక్క మనము తెలుసుకోవాలి. పుస్తకానికి చివరి పుట ఉన్నది, రైలుకు చివరి స్టేషన్ ఉన్నది. రీల్స్‌కు అటువంటిది లేదు. బిడ్డ ఎంతసేపు చూచిన అంత ప్రకటనల రాబడి. ఇన్‌స్టాగ్రామ్ వలన కొందరు కిశోర బాలికలలో తమ శరీరముపై అసంతృప్తి హెచ్చుతున్నదని ఆ కంపెనీ సొంత పరిశోధనలే తేల్చిన సంగతి, మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హౌగెన్ 2021లో బయటపెట్టిన పత్రముల వలన లోకానికి తెలిసినది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదహారేండ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు నిషిద్ధమైనవి. మన పార్లమెంటు 2023లో చేసిన డేటా రక్షణ చట్టము, 18 ఏండ్లలోపు వారి సమాచారము వాడుకొనుటకు తలిదండ్రుల అనుమతి కావాలన్నది, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వరాదన్నది. దాని నియమములు వెలువడుటకు 2025 నవంబరు వరకు పట్టినది. చట్టము మంచిదే. చదువకుండా ‘సరే’ నొక్కే వేలు మనది.

మన సభ్యులొకరు, లోకో పైలట్, రన్నింగ్ రూంలో నిద్రలేచి చూచుకొనేసరికి ఖాతాలోని జీతమంతా పోయినట్లు మెసేజీలు వచ్చియున్నవి. పదవ తరగతి చదివే కుమారుడు పందెపు ఆటలో పోగొట్టినాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో చట్టము నిషేధించుటకు ముందటి మాట ఇది. ఆటకు అప్పిచ్చిన అపరిచితుడొకడు మూడు వారములుగా బెదిరిస్తున్నా ఆ బిడ్డ నోరు విప్పలేదు. ఏల చెప్పలేదురా అని అడిగితే, “చెబితే ఫోను తీసేసుకుంటారు. అయినా నాన్నా, మీరు ఇంట్లో ఎప్పుడున్నారు?” అన్నాడట.

ఆ ప్రశ్నకు ఆ తండ్రి ఒక్కడే జవాబు చెప్పుకోలేడు. రాత్రి సెట్‌లో ఉత్తరములు వేరుచేసి వచ్చి పగలు నిద్రించే ఆర్.ఎం.ఎస్. సార్టరు కూడా చెప్పుకోలేడు. 1974 మే నెల రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినము మన ముఖ్యమైన కోర్కెలలో ఒకటి. బిడ్డ ప్రక్కన కూర్చొనే గంట కూడా అందులోనే ఉన్నది. అయితే దొరికిన గంటలో మనమేమి చేస్తున్నాము? డ్యూటీ దిగివచ్చి, గోడకు చేరగిలబడి మనమూ ఫోనే చూస్తున్నాము. ఈ మాట ఇక్కడి సోదరీమణులు మాకు చెప్పకముందే మేమే ఒప్పుకొంటున్నాము.

ఎవరైనా బెదిరించితే ఆ మెసేజీలు చెరిపివేయరాదు. సైబర్ నేరములకు 1930, బాలల సహాయమునకు 1098 నంబర్లు గలవు. అంతకు ముందు, ఏమి చెప్పినా కొట్టము, ఫోను లాగుకొనము అని బిడ్డకు మాట ఇవ్వండి.

వారపు విశ్రాంతిని రోస్టరులో చూపి పనిలో మింగివేసే పద్ధతిపై తీర్మానము సాయంత్రము మీ ముందుకు వస్తుంది. మరొక చిన్న సంగతి. కాలనీలోని ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయము చాలకాలముగా తాళము వేసియున్నది. పిల్లలు ఫోను వదలి పోవుటకు ఆ గది తప్ప కాలనీలో మరొకటి లేదు. తాళపుచెవి ఎవరివద్ద నున్నదో విచారించి, వచ్చే సమావేశము నాటికి తెలియజేయవలసినదిగా శాఖ కార్యదర్శిని కోరుతున్నాము.