ఆరు మీటర్లలో ఒక్క రవికె కూడా రాదా?

రెండే నిమిషాలు అన్నారు కాబట్టి ఒక్క లెక్క చెప్పి దిగిపోతాను.

ఆరో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద రాశారు: 6 మీటర్ల గుడ్డలో 0.75 మీటరు రవికె ముక్కలు ఎన్ని వస్తాయి? నేను విభాజకంలో చుక్క జరిపి 75 చేశాను. విభాజ్యాన్ని అలాగే వదిలేశాను. జవాబు 0.08. మాస్టారు కొట్టలేదు. "ఏరా, ఆరు మీటర్లలో ఒక్క రవికె కూడా రాదా?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

తర్వాత ఆయనే చెప్పారు. ముక్కను సెంటీమీటర్లలో కొలిస్తే గుడ్డనూ సెంటీమీటర్లలోనే కొలవాలి. 600ని 75తో భాగిస్తే 8. ఒకటి కంటే చిన్నదానితో భాగిస్తే జవాబు పెరుగుతుందని ఆ రోజే తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో 4.5 మీటర్ల బీముకు 0.15 మీటరుకొక రింగు కట్టించాలి. హడావుడిలో కాలిక్యులేటర్‌లో 1.5 కొట్టి, 3 ఖాళీలు, 4 రింగులని రాసిచ్చాను. మేస్త్రీ వచ్చి "ఇంత బీముకు నాలుగు రింగులేనా సార్?" అన్నాడు. నాకు మాస్టారి గొంతే వినిపించింది. 450ని 15తో భాగిస్తే 30 ఖాళీలు, అంటే 31 రింగులు. అవి చాలకపోతే బరువు పడ్డప్పుడు బీము ఏటవాలుగా పగులుతుంది.

ఇప్పటి టీచర్లకు ఒక్క విన్నపం. భాగించే ముందే జవాబు సుమారు ఎంతుంటుందో పిల్లల చేత చెప్పించండి.

మాస్టారు ఉండగా ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. అందుకే ఇక్కడ చెప్పుకున్నాను. సెలవు.