ఇంటిలో రెండవ కంప్యూటరు



ఇంట నొక కంప్యూటరున్నది. మరియొకటి కావలెనని పిల్లలు కోరుచున్నారు. దానికై వేరొక తీగ తెప్పింపవలెనా, నెలనెలా రెండవ రుసుము కట్టవలెనా యని మా నిడమనూరు ప్రాంతపు పెద్దలు పలువురు నన్ను ప్రశ్నించియున్నారు. అక్కరలేదని ముందుగనే మనవి చేయుచున్నాను. ఇదివరకే యింటనున్న వైఫై పెట్టె రెండవదానికిని చాలును. అది యెట్లు చాలునో, కలుపునప్పుడు గమనింపవలసిన విషయము లెవ్వియో నేడు వివరించెదను.

కాలువ నీటి పోలికతో మనకీ సంగతి సులభముగ బోధపడును. 1967వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడినది. ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు మనకు తూమన నేమో యెవరును చెప్పనక్కరలేదు. ఒక తూము నీటితో రెండు మళ్లు తడుపుటకు రెండవ కాలువ త్రవ్వము గదా! బయటినుండి వచ్చు తీగ కాలువ వంటిది. పెట్టె తూము వంటిది. కంప్యూటర్లు మళ్ల వంటివి. అయితే యొక భేదము కలదు. ఒక కంప్యూటరు ఊరకున్నప్పుడు దాని భాగము, ఎవరును మడవ త్రిప్పనక్కరలేకయే, రెండవదానికి చేరును. రెండును పనిచేయునపుడు మాత్రము ఉన్నదానిని పంచుకొనును. ఒకరు చలనచిత్రము చూచుచుండగా వేరొకరి పాఠము ఆగి యాగి సాగుటకు తరచుగ నిదియే కారణము.

తీగలేని యీ రాకపోకలు మంత్రము గాదు. మన రేడియో అందుకొను తరంగముల జాతివే యివియు. 1895లో జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో తీగ లేకయే గోడల కావల గంట మ్రోగించి చూపిరి. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ గారును, వారి సహచరులును కంప్యూటర్ల సమాచారమును చిన్నచిన్న పొట్లములుగ తరంగములపై ద్వీపముల నడుమ పంపిరి. రెండు పొట్లములు ఒకేసారి బయలుదేరి ఢీకొన్నచో, కొంత తడవాగి మరల పంపుట వారి పద్ధతి. రచ్చబండ యొద్ద ఇద్దరొక్కమారు నోరు విప్పి, యాగి, మరల మాటాడుట వంటిదే యిది. వైఫై నియమములు 1997లో వెలువడినవి. ఆ పేరు 1999లో వచ్చినది. రేడియోకు లైసెన్సు కట్టిన దినములు మీలో పలువురకు జ్ఞాపక ముండును. ఈ పెట్టెకు అట్టిది లేదు. ఇది వాడు 2.4 గిగాహెర్ట్‌జుల తరంగములకు లైసెన్సు అక్కరలేదని మన ప్రభుత్వము 2005లో నియమము చేసినది.

ఇక కలుపు విధము. పెట్టె అడుగున గాని, వెనుక గాని అంటించిన చీటిపై వల పేరును, సంకేతపదమును ముద్రింపబడి యుండును. ఇంటివారు మార్చియున్నచో మార్చిన మాటయే చెల్లును. క్రొత్త కంప్యూటరు తెరపై వైఫై గుర్తును నొక్కినచో చుట్టుపట్ల నున్న వలల పేర్లు వరుసగ కనబడును. అందు మన పేరునే యెన్నుకొని సంకేతపదము వ్రాయవలెను. ఆంగ్లమున పెద్దబడి యక్షరము వేరు, చిన్నబడి యక్షరము వేరు. సున్నను, ఓ యను అక్షరమును ఒకటిగ తలపరాదు. కొన్ని పాత కంప్యూటర్లలో వైఫై యుండదు. అట్టిదానికి బొటనవ్రేలంత అడాప్టరును తగిలింపవచ్చును. లేదా పెట్టెనుండి లాన్ తీగ లాగవచ్చును. ఆ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును.

పెట్టె నుంచుచోటు ముఖ్యము. మధ్యతరంగ రేడియో అలల పొడవు వందల మీటర్లు; ఈ పెట్టె అలల పొడవు రమారమి 12 సెంటీమీటర్లు మాత్రమే. ఇనుప బీరువాయు, మందపు రాతిగోడయు వీని బలమును హరించును. కావున పెట్టెను ఇంటి నడుమ, ఎత్తుగ నుంచవలెను. కొన్ని పెట్టెలు 5 గిగాహెర్ట్‌జుల వలను గూడ నిచ్చును. అది వేగము గలదియే కాని గోడలను అంతగ దాటజాలదు. దూరపు గదికి మొదటిదియే మేలు.

పని చెడినప్పుడు కారణము కనుగొనుట కొక యుపాయము కలదు. మొదటి కంప్యూటరు నడచుచు రెండవది నడువకున్నచో, దోషము రెండవదానియందో, సంకేతపదమునందో, దూరమునందో యుండును. రెండును నడువకున్నచో పెట్టెనో, బయటి తీగనో పరీక్షింపవలెను.

ఇక జాగ్రత్త మాట. 2022 సెప్టెంబరులో మన మండలమున వేంపాడు చెంత ఎడమ కాలువకు గండి పడినప్పుడు నీరెంత చేటు తెచ్చినదో మీ రెరుగుదురు. ఇంటి వలకును గట్టు కావలెను. సంకేతపదము పరుల చేతబడినచో వారు మన రుసుముపై వాడుకొందురు. వారు చేసిన చెడుపనికి మొదట విచారణ మన గుమ్మమునకే వచ్చును. కావున పొడవైన మాట నేర్పరచుకొని, 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గాని యగు రక్షణ నుంచవలెను. పెట్టె అమరికలను మార్చుటకు వేరొక సంకేతపదము కలదు. దానిని గూడ తప్పక మార్చవలెను. బంధువులు వచ్చినప్పుడు ఇచ్చుటకు అతిథి వల యను సౌకర్యము పెక్కు పెట్టెలలో నున్నది.

కడపట ఒక్కమాట. ఇంట నొకే కంప్యూటరున్నచో ముందు వంతెవరిది? యజమాని పట్టా వివరములు చూచుకొనును. పిదప కుమారుడు కూర్చుండును. కుమార్తె వంతు వచ్చునప్పటికి రాత్రి పదిగంట లగును. కాలువ చివరి చేనివారి బాధ యెట్టిదో మనకు తెలియును. మన యింటిలోనే యొక బిడ్డను చివరి చేను చేయుట న్యాయమా? తీగ యున్నది, పెట్టె యున్నది. రుసుము కట్టనే కట్టుచున్నాము. పాతదైనను రెండవ కంప్యూటరు నొకదానిని ఆమె చదువుకొను గదిలో నమర్చి కలుపుడు. పాఠముల వేళ చలనచిత్రములు ఆపింపుడు. ఆ వంతు నిర్ణయించు పెద్దరికము మీయందే యున్నది.