డెట్రాయిట్ హార్పు విదుషి

జాజ్ సంగీతమనఁగానే ట్రంపెట్, శాక్సఫోన్ల నాదమే స్ఫురించు మనకు, నలువదియేడు తంత్రుల హార్పుపై, స్వరభేదము వలసినప్పుడెల్ల పాదములతో పెడళ్లను మార్చుచు, ఆ చంచలగతిని అవలీలగా అనుసరించిన డొరతీ ఆష్‌బీ నామధేయము అంతగా పరిచితము కాదు. డెట్రాయిట్ నగరమున గిటారు వాదకుని పుత్రికగా జన్మించిన ఈమె, 1957లో వెలువరించిన ‘ది జాజ్ హార్పిస్ట్’ రికార్డునందు ఫ్రాంక్ వెస్ వేణువుతో ఆ తంత్రులు అనుచరులవలెఁ గాక సమానులవలె సంభాషించును. నాకు మిక్కిలి ప్రియమైనది అదియే. దేవదూతల చేతులలోనే చిత్రకారులు నిలిపిన వాద్యమును జాజ్ క్లబ్బులకు గొనిపోవుట సాహసమే గదా! మన దువ్వూరి రామిరెడ్డిగారు ‘పానశాల’గా తెనిఁగించిన పారసీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయీలు 1970లో ఈమె వెలువరించిన మఱొక రికార్డునకును ప్రేరణమైనవి, ఆ రికార్డున జపానీయుల కోటో వాద్యమును సయితము వాయించెను. 1986లో ఈమె గతించిన పిమ్మట, హిప్-హాప్ కళాకారులు ఈమె రికార్డుల తునకలను తమ పాటలలోఁ బొదుగుకొనిరి.