పెంతెకొస్తు: వినేవారి భాషలో సువార్త

 

మన కాల్హేర్‌లో సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. చెవి దగ్గరికి వెళ్లి చెప్పాలి. పెంతెకొస్తు రోజున యెరూషలేములో కూడా ముందు వినబడింది పెద్ద శబ్దమే. అయితే జనం ఆశ్చర్యపోయింది, గలిలయవారి నోట ఎవరి భాష వారికి వినబడినందుకు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చదవండి. మా భాష నేర్చుకుని రండి అని ఆత్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పేవారినే వినేవారి దగ్గరికి నడిపించాడు.

మన వీధుల్లో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఉన్నాయి. యూపీ, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు. వారి భాష మనకు వచ్చా?

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఒక సాంచా కార్మికుడికి కరపత్రం ఇచ్చాను. "నాకు చదువు రాదు పాస్టర్ సాబ్. రెండు నెలల కూలి ఆగిపోయింది, సేఠ్ దగ్గరికి నాతో వస్తారా?" అని అడిగాడు. ఆ సాయంత్రం ప్రార్థన కూటం ఉందని చెప్పి వచ్చేశాను. తర్వాత వెతికితే అతను ఊరెళ్లిపోయాడు. నేను ప్రకటించాల్సిన సువార్త అతని పక్కన నడవడంలో ఉందని ఆలస్యంగా తెలిసింది.

పెంతెకొస్తు మొదట కోత పండుగ. లేవీయకాండము 23వ అధ్యాయంలో ఆ పండుగ నియమాలు ముగియగానే, పొలం అంచులు కోయవద్దు, పరిగెను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టండి అని దేవుడు ఆజ్ఞాపించాడు. ఈ ఊళ్లో మనమూ పరదేశులమే కదా!

మన మహారాష్ట్రలోనే, కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి 1896-97 కరువులో దిక్కులేని ఆడపిల్లలను చేరదీసింది. అన్నం పెట్టింది, చదువు, పని నేర్పింది. 1905లో ఆ ముక్తి మిషన్‌లోనే గొప్ప ఉజ్జీవం వచ్చింది. ఆ పిల్లలే జట్లుగా పల్లెలకు వెళ్లి సువార్త చెప్పారు.

యువతా, ఒక మాట జాగ్రత్తగా వినండి. సాయాన్ని ఎర చేయకండి. రాజ్యాంగం 25వ అధికరణం మనకు విశ్వాసాన్ని ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఎదుటివారి మనస్సాక్షికీ అదే స్వేచ్ఛ ఇచ్చింది. మందుల చీటీతో వచ్చినవారిని మతం అడగకండి. మీ నిరీక్షణకు కారణమేమిటని వారడిగితే, పేతురు చెప్పినట్టు సాత్వికంతో, గౌరవంతో చెప్పండి. దాచవద్దు, సిగ్గుపడవద్దు.

ఈ వారం ఒక్కొక్కరు ఒక పొరుగువారి ఇంటికి వెళ్లండి. ముందు వినండి. కూలి రానివారు ఉంటే నాకు చెప్పండి, ఈసారి నేను వస్తాను.

పరిశుద్ధాత్మ దేవుడు మనకు వినే చెవులనూ ధైర్యంగల నాలుకలనూ దయచేయును గాక. ఆమెన్.