బండి మనది, తాళం కంపెనీది
(నస్పూర్‌లో ట్రాక్టర్, లారీ సొంతదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గింజ ధర మీద, కరెంటు మీద, యూరియా మీద మనం చాలాసార్లు మాట్లాడుకున్నం. ఇయ్యాల బండి రిపేరు గురించి మాట్లాడుకుందాం. ఇది రైతు సంఘం పనేనా అని కొందరు అడిగిండ్రు. ముమ్మాటికీ మన పనే. నస్పూర్, శ్రీరాంపూర్, జైపూర్, లక్షెట్టిపేట దిక్కు ఏ ఊరన్నా చూడుండ్రి. ఒకే ఇంట్ల రెండెకరాల పొలం ఉంటది, ఒక ట్రాక్టరో లారీయో ఉంటది. నాట్లకు ముందు పొలం దున్నేది ఆ బండే. కోతలైనంక కొనుగోలు సెంటర్ నుంచి మిల్లుకు వడ్లు మోసేది ఆ బండే. మిగిలిన నెలలల్ల ఇటుకో, కంకరో, బొగ్గో మోసి ఇల్లు నడిపేది కూడా ఆ బండే. గనులకు భూమి పోయి, వచ్చిన పైసలతోని బండి కొనుక్కున్నోళ్లు కూడా మనల ఉన్నరు. వాళ్లకు ఇప్పుడు ఆ బండే భూమి. అది షెడ్డుల నిలబడ్డదంటే భూమి పడావు పడ్డట్టే.

రిపేరు అంటే బిల్లు ఒక్కటే అనుకుంటం. ఒక లెక్క చూడుండ్రి. ఖర్చులు పోను రోజుకు 2 వేలు మిగిలే బండి 20 రోజులు ఆగిందనుకుందాం. అది 40 వేలు. రిపేరు బిల్లు 60 వేలు అనుకుందాం. మొత్తం లక్ష. బిల్లు మీద 60 వేలే కనపడుతది, 40 వేలు ఎవ్వలి లెక్కల ఉండది. బండి ఆగుతది గాని కిస్తీ ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు. ఫైనాన్సోళ్లకు బండి షెడ్డుల ఉన్నా రోడ్డు మీద ఉన్నా ఒక్కటే. రెండు కిస్తీలు తప్పినంక ఇంటి ముందర ఎవరు వచ్చి నిలబడుతరో మీకు చెప్పే పని లేదు.

రిపేరు ఎందుకు ఇంత ఖరీదైంది?

పాత ఇంజన్ల కాలంల మన మెకానిక్ చెవి పెట్టి చప్పుడు వింటే చాలు, ఎక్కడ తేడా ఉన్నదో చెప్పెటోడు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త లారీలకు బీఎస్-6 వచ్చింది. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చినయి. ఇంజన్ల కామన్ రైలు, ఇంజెక్టర్లు, సెన్సార్లు, కంప్యూటర్ డబ్బా చేరినయి. లారీకి డీజిల్ ట్యాంకు పక్కన ఇంకో ట్యాంకు వచ్చింది. అందుల పోసేది యూరియా కలిపిన నీళ్లే, నూటికి 32.5 పాళ్లు యూరియా. పొలానికి యూరియా కోసం లైన్ల నిలబడుతున్న రైతుకు బండికి కూడా యూరియా కొనే రోజు వచ్చింది.

పొగ తగ్గాలన్న నిబంధనను నేను తప్పు పడుతలేను. బొగ్గు దుమ్ముల బతికేటోళ్లం, మంచి గాలి విలువ మనకు తెలువదా? నా మాట వేరే. చిన్న సెన్సార్ ఒకటి చెడిపోతే ఇంజన్ బలం దానంతట అదే తగ్గిపోతది, లోడు గుంజదు. ఏ సెన్సార్ చెడిపోయిందో చదవాలంటే కంపెనీ మిషన్, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలె. మన మెకానిక్‌కు అవి దొరకయి. బండి కొన్నది మనం, తాళం చెవి మాత్రం కంపెనీ దగ్గర ఉన్నది.

వారంటీ అడిగితే వచ్చే జవాబులు

వారంటీల ఉన్నది గదా, ఫికర్ ఎందుకు అంటరు. అడగపోతే ఈ జవాబులు వస్తయి. ఒకటి, బయట సర్వీసు చేయించిండ్రు కాబట్టి వర్తించదు. రెండు, క్లచ్ ప్లేటు, బ్రేకు, రబ్బరు సామాన్లు అరిగేటివి, వాటికి వారంటీ లేదు. మూడు, ఓవర్‌లోడు వేసిండ్రు. నాలుగు, గంటలు దాటినయి. సంవత్సరాలు, గంటలు రెండు రాసి, ఏది ముందు వస్తే అది అని కాగితంల చిన్న అక్షరాలల్ల పెడుతరు. ఇగ ఐదోది అన్నిటికంటే పెద్దది: పార్టు ఆర్డర్ పెట్టినం, వస్తది. ఆ వస్తది అన్న మాట మీదనే వారంటీ గడువు దాటుతది.

మా ట్రాక్టర్ హైడ్రాలిక్ లిఫ్టు వారంటీల ఉండంగనే పోయింది. షోరూం పేరు ఇక్కడ అవసరం లేదు. సరిచేసిండ్రు గాని జాబ్ కార్డు ఇయ్యమంటే, మనోళ్లే గదా, కాగితం ఎందుకు అన్నరు. కాగితం ఇచ్చేదాక బండి తియ్యనని కూసున్న. ఇచ్చిండ్రు. నాలుగు నెలలకు మళ్ల అదే పోయింది. ఇది కొత్త సమస్య, పైసలు పడుతయి అన్నరు. పాత జాబ్ కార్డు ముందర పెట్టిన. ఒక్క రూపాయి తీసుకోకుంట పంపు మార్చిండ్రు. నేను గట్టిగ మాట్లాడినందుకు కాదు, నా చేతిల కాగితం ఉన్నందుకు.

చట్టం ఏమంటది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకు పనికొస్తది. కంపెనీ వకీలు ముందుగ అనే మాట, ఇది వ్యాపారానికి కొన్న బండి, వీళ్లు వినియోగదారులు కారు అని. దీనికి జవాబు చట్టంలనే ఉన్నది. స్వయం ఉపాధితోని బతుకుదెరువు కోసమే కొని, తానే వాడుకునేటోడు వినియోగదారుడే. 1995ల లక్ష్మీ ఇంజనీరింగ్ కేసుల సుప్రీంకోర్టు లారీని ఉదాహరణగ తీసుకొనే చెప్పింది: లారీ కొని తానే నడుపుకునేటోడు వినియోగదారుడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. అయితే బండి కొని పూర్తిగ వేరేటోళ్లకు నడపనిచ్చేటోళ్లకు ఈ దారి కష్టం. అది కూడా తెలిసి ఉండాలె.

రైతు వినియోగదారుడు కాదన్న వాదన విత్తనాల కేసుల కూడా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద కొట్లాడితే 2012ల సుప్రీంకోర్టు రైతుల దిక్కే తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన పక్కన ఉన్నది.

కేసు వేసే పద్ధతి పెద్ద కష్టం కాదు. బండికి మనం కట్టిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌ల వేయొచ్చు. 5 లక్షల దాక ఫీజు లేదు. 10 లక్షల దాక 200, 20 లక్షల దాక 400, 50 లక్షల దాక 1,000 రూపాయలు. వకీలు లేకున్నా వేసుకోవచ్చు. బండి ఎక్కడ కొన్నా, మనం ఉండే చోటనే వేయొచ్చు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేండ్ల లోపు వేయాలె. అమ్మిన డీలర్‌ను, తయారుచేసిన కంపెనీని ఇద్దరినీ చేర్చాలె. లేకుంటే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటరు. ఆన్‌లైన్‌ల వేసే వీలు, వీడియోల హాజరయ్యే వీలు ఉన్నయి. కేసుకు ముందు 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయిస్తే, చాలాసార్లు కంపెనీ అక్కడనే దిగొస్తది. మూడు నెలలల్ల, పరీక్ష అవసరమైతే ఐదు నెలలల్ల తేల్చాలని చట్టంల ఉన్నది గాని అంతకంటే ఎక్కువే పడుతది. అందుకే కాగితాలు మొదటి రోజు నుంచే సిద్ధం ఉండాలె.

మనం ఒంటరిగ లేము

2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. బయటి మెకానిక్‌లకు స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం దొరకకుంట చేసిండ్రన్నదే నేరం. కంపెనీలు అప్పీలుకు పోయినయి, అది వేరే సంగతి. 2022 జూలైల కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందుల వ్యవసాయ యంత్రాలను, బండ్లను కూడా చేర్చిండ్రు. అమెరికాల కొలరాడో రాష్ట్రం రైతు తన ట్రాక్టర్ తానే రిపేరు చేసుకునే హక్కుకు 2023ల చట్టం చేసింది. 2025 జనవరిల అక్కడి ప్రభుత్వ సంస్థ జాన్ డీర్ కంపెనీ మీద ఇదే విషయంల కేసు వేసింది. వందల ఎకరాల రైతులే అక్కడ కొట్లాడుతున్నరంటే, రెండెకరాల మనం ఊకుంటె ఎట్ల?

మనం చెయ్యవలసినవి

బండి షెడ్డుకు పోయిన ప్రతిసారి జాబ్ కార్డు తీసుకోండ్రి. తేదీ, గంటలు లేదా కిలోమీటర్లు, మనం చెప్పిన సమస్య మన మాటల్లనే రాయించుండ్రి. ఫోన్‌ల చెప్పిన మాటను అదే రోజు వాట్సాప్‌ల రాసి పంపుండ్రి. మార్చిన పాత పార్టును అడిగి తెచ్చుకోండ్రి, పరీక్షకు అదే సాక్ష్యం. వారంటీ కాలంల సర్వీసు గడువు దాటనియ్యకుండ్రి. ఓవర్‌లోడుకు ఒప్పుకోకుండ్రి, ఆ ఒక్క ట్రిప్పు కిరాయి కంపెనీ చేతికి కత్తి ఇచ్చినట్టే. బిల్లు లేకుంట పార్టు కొనకుండ్రి. బిల్లు మీద జీఎస్టీ చూడుండ్రి: 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద 12 నుంచి 5 శాతానికి, లారీల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 28 శాతం ఉన్న స్పేర్ పార్టులు కూడా 18కి వచ్చినయి.

సంఘం డిమాండ్లు

పార్టు దొరకక వారంటీల బండి ఆగిన రోజులను వారంటీ గడువుకు కలపాలె. అన్ని రోజుల కిస్తీ మీద అపరాధ వడ్డీ వేయొద్దు. స్పేర్ పార్టుల ధరల పట్టిక ప్రతి సర్వీస్ సెంటర్‌ల గోడకు పెట్టాలె. లోపం చదివే మిషన్, మాన్యువల్ న్యాయమైన ధరకు బయటి మెకానిక్‌లకు అమ్మాలె. ఐటీఐలల్ల మన మెకానిక్‌లకు కొత్త ఇంజన్ల మీద శిక్షణ పెట్టాలె. నాట్ల కాలంల, కోతల కాలంల 48 గంటలల్ల మెకానిక్ పొలం దగ్గరికి రావాలె. వినియోగదారుల కమిషన్ నెలకు ఒకసారన్నా మంచిర్యాలల కూసొని కేసులు వినాలె. కలెక్టరేట్ మన నస్పూర్‌లనే ఉన్నది. సోమవారం ప్రజావాణికి ఈ డిమాండ్లు అందరం కలిసి పట్టుకపోదాం.

చివరిగ ఒక్క మాట. ఒకే మోడల్ బండ్లల్ల ఒకే లోపం పది మందికి వస్తే, అది డ్రైవర్ తప్పు అని కంపెనీ తప్పించుకోలేదు. ఒకే రకం నష్టపోయినోళ్లు కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు చట్టంల ఉన్నది. కాని ఆ పది మంది ఒకరికొకరు తెలువాలె గదా? అందుకే ఇయ్యాల్టి నుంచి సంఘం ఆఫీసుల ఒక రిజిస్టర్ పెడుతున్నం. బండి మోడల్, కొన్న తేదీ, వచ్చిన లోపం, షోరూం ఇచ్చిన జవాబు అందుల రాయించుండ్రి. జాబ్ కార్డు జిరాక్స్ తెచ్చియ్యండ్రి. సభ అయినంక బయట టేబుల్ దగ్గర రిజిస్టర్ ఉంటది. పేరు రాయించకుంట ఎవ్వలూ ఇంటికి పోవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్న.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!