ఉక్కు కథను వ్రాసిపెట్టిన వాయిసీ



గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక భూగర్భశాస్త్రజ్ఞుని స్మరించుట వింతగా తోచవచ్చును. కాని హెన్రీ వెస్లీ వాయిసీ చరిత్ర వ్రాతయొక్క విలువను తెలుపునట్టిది.

1818లో లాంబ్టన్ దొర నడుపుచుండిన మహా త్రికోణమితి సర్వేలో వాయిసీ వైద్యుడుగను, శిలాపరిశోధకుడుగను నియమింపబడెను. భారత భూగర్భ సర్వే సంస్థ ఏర్పడినది 1851లో. అంతకు మూడు దశాబ్దములకు ముందే ఆయన హైదరాబాదు ప్రాంతపు శిలలను పరిశీలించెను. అందుచే భారత భూగర్భశాస్త్ర పితామహుడని పేరొందెను. మేడ్చల్, శామీర్‌పేటలలో మన ఇండ్లను మోయుచున్న ఈ గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

వాయిసీ రాతితోనే ఆగలేదు. భూమిలోని సరకుతో మనుష్యుడేమి చేసెనో అదియు విచారించెను. మన మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు సాగు బాట నిజామాబాదు జిల్లాకు చేరును. ఆ జిల్లాలోని కోనసముద్రములో కమ్మరులు ఉక్కు చేయు విధమును ఆయన కన్నులార చూచి వ్రాసికొనెను. రెండు తావుల ఇనుమును కలిపి, నిప్పునకు తాళు మట్టిమూసలలో నుంచి, మూతవేసి, తిత్తులతో ఊదుచు 24 గంటలు కాచెడివారు. పిదప ఆ ముద్దను మరల మరల కాచి సాగునట్లు చేసెడివారు. డమాస్కసు ఖడ్గములకు కీర్తి తెచ్చినది ఈ జాతి ఉక్కే. ఇస్ఫహాను నుండి హాజీ హుసేను అను వర్తకుడు దీనికొరకే అచ్చటికి వచ్చియుండెను. తమ దేశమున ఈ పనిని అనుకరింపజూచి విఫలులైరని ఆతడు వాయిసీకి చెప్పెను.

1824లో కలకత్తాకు పోవుచు వాయిసీ త్రోవలోనే మరణించెను. ఆ వ్రాత 1832లో ఏసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. 2010లో ఉత్తర తెలంగాణమున పాత కొలిముల జాడలు వెదకిన పరిశోధకులకును అది ఆధారమైనది.

మహాజనులారా! కొన్నవాని పేరు కాగితమున నిలిచినది. చేసినవారి పేర్లు మనకు దక్కలేదు. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా వంటిదీ చరిత్ర.

నేడు మన గుట్టలు కంకరయై తరలిపోవుచున్నవి. కావున నా విన్నపమొక్కటే. ఈ గ్రంథాలయమున ఒక దస్త్రము తెరువుడు. ఏ గుట్టకు ఏ పేరు, ఏ పొలమున ఇనుపచిట్టెము బయటపడినది, ఏ యింట కొలిమి యుండెను, ఆ కమ్మరి, వడ్డెర పెద్దలెవ్వరు—తెలిసినవారు జీవించియుండగనే అడిగి వ్రాయుడు. ఈ గ్రంథాలయము చదువుటకే కాక, మన ఊరి పుస్తకమును వ్రాయుటకును నెలవగుగాక.