క్రోసూరులో సముద్రపు చేపలు: నేను చేసిన తప్పు మీరు చేయొద్దు

సముద్రం ఎక్కడ, మన క్రోసూరు ఎక్కడ అనుకుంటున్నారా? అయినా ఇంట్లో క్లౌన్ ఫిష్ పెంచొచ్చు. కాకపోతే ముందు నీళ్లు, తర్వాతే చేప.

మొదటి ట్యాంక్ 100 లీటర్లయినా ఉండాలి. బోరు నీళ్లు వద్దు, వంటింటి ఉప్పు అసలే వద్దు. ఆర్వో నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలపండి. రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూపించాలి.

రాళ్లు పెట్టి, ఫిల్టర్ ఆన్ చేసి, 4 నుంచి 6 వారాలు ఆగండి. రోజూ చిటికెడు మేత మాత్రం వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని తినే మంచి బ్యాక్టీరియా రాళ్లలో పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేప వేయాలి.

ఇక నా తప్పు. ఎండాకాలంలో ట్యాంక్‌లో నీళ్లు తగ్గితే, తగ్గినప్పుడల్లా ఉప్పు నీళ్లే పోశాను. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు కదా! ఉప్పు పెరిగిపోయి నా రెండు చేపలూ చచ్చిపోయాయి. చాలా బాధేసింది.

అందుకే అద్దం మీద గీత గీసుకోండి. తగ్గినంత వరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయండి. వారానికోసారి పదో వంతు నీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపినవి పోయాలి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి.

తొందరపడకండి, చేపలు బతుకుతాయి. మళ్లీ కలుద్దాం!